ఎడమ రెక్కో, కుడి రెక్కో

ఎమ్మిగనూరు,
23 నవంబరు 1955, బుధవారం.

చిరంజీవి విరూపాక్షికి నాయన దేవేంద్రప్ప ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అమ్మా క్షేమమని రాయడం వాడుక కాబట్టి రాస్తున్నాను. ఒంటి వరకు క్షేమమే. మనసు సంగతి ఉత్తరం పూర్తయ్యేలోగా నీకే తెలుస్తుంది. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం వల్ల తెలుసుకున్నాను.

ఆ ఉత్తరం ఈ పొద్దున తొమ్మిదింటికి అందింది. పోస్టులో జవాబు వేస్తే నీకు శుక్రవారం సాయంత్రానికి గానీ చేరదు. విమానం ఎగిరేది శుక్రవారం పొద్దున. అందుకని దీన్ని మరియమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. దావీదు రమ్మని రాశాడట. కొడుకు గాల్లో తిరగడం కళ్ళారా చూడాలని ఆమె రెండు గంటల బస్సుకు ఆదోని పోయి, అక్కడ రైలెక్కి, గుంతకల్లు మీదుగా రేపటికి బెంగళూరు చేరుతుంది. పనుల కోసం బొంబాయి దాకా పోయి వచ్చిన మనిషి, రైళ్ళంటే భయం లేదు. ఇప్పుడు మూట కట్టుకుని మన అరుగు మీదే కూర్చుంది. కాసేపటికొకసారి తలుపులోంచి తొంగిచూసి, “అయిందా అన్నా? ఏం రాస్తాండావు అంతసేపు?” అని అడుగుతోంది.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. నాలుగోది, “విమానం ఎక్కొద్దని టెలిగ్రాం ఎందుకు కొట్టావు నాయనా?” అన్నది. కారణం చెప్పకుండా కొట్టానని మీ యజమాని వాదిరాజ గారు నవ్వారనీ, కార్ఖానాలో అందరూ ముసలాయనకు ఏదో పీడకల వచ్చిందనుకున్నారనీ రాశావు. అది చదివి ఊరుకుందునేమో. ఆ కింద ఇంకో మాట రాశావు. దావీదుకు జ్వరం తగ్గిందనీ, నా టెలిగ్రాం చూసి, “పెద్దాయప్ప వద్దన్న పని నువ్వు సెయ్యొద్దురా, నీ బదులు నేనే ఎక్కుతా” అన్నాడనీ. ఆ మాట చదివాక నేను మగ్గం దగ్గరికి పోలేదు. దాని జవాబు ఆఖర్న రాస్తాను. ముందు మిగతావి రాయనీ. తిన్నగా దానికే పోదామని రెండుసార్లు మొదలుపెట్టి రెండు కాగితాలు చించాను.

మొదటిది, మీ అమ్మ మోకాలు. ఆముదం వెచ్చచేసి పట్టిస్తున్నాం. గడప దాటేటప్పుడల్లా నన్ను తిట్టే తిట్లు సగానికి తగ్గాయి కాబట్టి నొప్పి కూడా సగం తగ్గిందనే అనుకుంటున్నాను. రెండోది, నువ్వడిగిన దుప్పటి. మరియమ్మ మూటలో ఉంది. అది నా మగ్గం మీది కాదు, పక్క వీధి గిడ్డయ్య నేసింది. నీకు కప్పుకోవడానికి నా చేత్తో నేసి పంపాలంటే ఈ మధ్య మనసు ఒప్పలేదు.

మూడోది, కార్ఖానా కథ. విమానం పరీక్షకు వచ్చే ప్రభుత్వ అధికారులకు ఇవ్వడానికి వాదిరాజ గారు కార్ఖానా చరిత్ర చిన్న పుస్తకంగా రాస్తున్నారనీ, ఆదోని రోజుల సంగతులు నాకు గుర్తున్నంత రాసి పంపమన్నారనీ అన్నావు. గుర్తులేకేం, అన్నీ గుర్తున్నాయి.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వాదిరాజ గారు ఆదోని వచ్చారు. యుద్ధంలో విమానాలకు మరమ్మతు చేసిన మనిషి. బడిపంతులు కొడుకు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, ఏ ఆఫీసులోనో కుదురుకుంటాడని అందరూ అనుకుంటే, ఆయన పోయి రైల్వే స్టేషను అవతల మూతబడిన జిన్నింగు షెడ్డు బాడుగకు తీసుకున్నారు. తలుపు మీద ‘తుంగభద్ర విమాన నిర్మాణశాల’ అని రాయించారు. నెల రోజుల పాటు జనం ఆ పేరు చూసి సినిమా హాలనుకుని వచ్చి ఇక్కడ సినిమా ఎప్పుడు మొదలవుతుందని అడిగేవాళ్ళట. దూలాల మీద పాత పత్తి నూగు ఇంకా అంటుకునే ఉండేది. కర్రలకు బంక పూసినప్పుడల్లా ఆ నూగు రాలి బంకలో పడేది. పత్తి చేలకు పైనుంచి మందు చల్లే చిన్న విమానం, ఇద్దరు పట్టేది, మన దేశంలో మన చేతులతో చేయాలని ఆయన పట్టుదల.

మొదటి విమానానికి మూడేళ్ళు పట్టింది. బజారులో దొరికే మిల్లు గుడ్డే దానికి కప్పారు. సిరుగుప్ప దారిలో బీడు భూమికి ఎడ్లబండ్ల మీద తీసుకుపోయి నడిపితే, మనిషెత్తు లేచి, ఇంకోసారి మనిషెత్తు లేచి, పొలం గట్టుకు కొట్టుకుంది. ఆయనకు భుజం ఎముక విరిగింది. రెండోది యాభై రెండులో. అది పదకొండు నిమిషాలు ఎగిరింది. అంతలో వాన తగిలి గుడ్డ వదులైపోయి, కౌతాళం దగ్గర వేరుశనగ చేలో దిగబడింది. చూడ్డానికి వచ్చిన పత్తి వ్యాపారులు చప్పట్లు కొట్టారు గానీ ఆ తర్వాత ఒక్కరూ షెడ్డు వైపు రాలేదు.

అప్పుడు ఆయనకు అర్థమైంది, ఇంజనూ కర్రా ఎంత ముఖ్యమో గుడ్డా అంతే ముఖ్యమని. పై దేశాల్లో నేసే సీమగుడ్డ తెప్పించుకోవడానికి లైసెన్సు అడిగి ఎనిమిది నెలలు కాగితాలు రాశారు. రాలేదు. పోయిన సంవత్సరం వానాకాలంలో ఎమ్మిగనూరు వచ్చి నేతవాళ్ళ వీధిలో ఒక్కో గడపా అడుగుతూ మన అరుగు దగ్గరికి వచ్చారు. అరచేయంత సీమగుడ్డ ముక్క నా చేతిలో పెట్టి, “ఇట్లాటిది నేస్తావా దేవేంద్రప్పా? అంగుళానికి ఎనభై పోగులు, నిలువూ అడ్డమూ ఒకటే లెక్క. యాడా ముడి ఉండకూడదు” అన్నారు. నేను దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “ఇదేనా? దీనికింత తిరుగుడెందుకు సామీ?” అన్నాను. నీకు గుర్తుందో లేదో, నువ్వు పక్కనే ఉండి నా వైపు కోపంగా చూశావు.

నేసిచ్చాను. ఆయన అంగుళం వెడల్పు పట్టీ కత్తిరించి, దానికి రాళ్ళ సంచి వేలాడదీసి తూచారు. సీమగుడ్డ కన్నా నాది ఎక్కువ మోసింది. ఆ బ్రాహ్మడు మన ఇంట్లో చుక్క కాఫీ ముట్టడు గానీ ఆ రోజు నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. నెల రోజులు నా కాలు నేల మీద ఆనలేదు. బజారుకు పోతే ‘విమానపు గుడ్డ దేవేంద్రప్ప’ అన్నారు. ఆయన నమ్మకమైన పిల్లలు ఇద్దరు కావాలంటే నిన్నూ, నీతో పాటు ఈ ఇంట్లో దారపు కండెల మధ్య పెరిగిన దావీదునూ పంపాను. మరియమ్మ అప్పుడు, “నీ మాట మింద పంపుతాండా అన్నా” అంది. పదకొండేళ్ళుగా మన మగ్గానికి దారం చుట్టిపెడుతున్న మనిషి. ఈ విమానపు గుడ్డకు కూడా ప్రతి కండె ఆమె చుట్టిందే.

వాదిరాజ గారు అరుగు మీద కూర్చుని మాట్లాడిన సంగతులు కూడా ఆ పుస్తకంలో ఉంటాయో లేదో. ఏయే దేశాల్లోనో సైకిలు షాపుల్లో, గొడ్ల కొట్టాల్లో, కుర్చీలు చేసే అంగళ్ళలో ఇట్లాగే ఒకరిద్దరు కూడి విమానాలు మొదలుపెట్టారట. రెండో మూడో చేసి మూసేశారట. వాటి పేర్లు కూడా ఎవరికీ తెలియవు. ఆయన ఒక నోటుపుస్తకంలో అవన్నీ రాసుకుని, ఒక్కోదాని పక్కన అది ఎట్లా మూతబడిందో రాసుకున్నారు. ఒకటి నిప్పంటుకుని, ఒకటి కొనేవాడు లేక, ఒకటి యజమాని మనసు విరిగి. వాటిలో ఒకటి నాకు చదివి చెప్పారు. రెక్క లోపలి కర్రలో కొమ్మ మొలిచిన చోటి చిన్న కన్ను ఉందట. వడ్రంగి దాన్ని పొట్టూ బంకా కలిపి పూడ్చి, నున్నగా చిత్రిక పట్టేశాడట. ఇద్దరు చచ్చిపోయారు. నేను విని, “వడ్రంగి పని అంతే సామీ” అన్నాను. నవ్వాను కూడా.

అది చెప్పిన వెంటనే ఆయన ఎర్రదారం ఉండ ఒకటి నా చేతిలో పెట్టారు. మగ్గం మీద పక్కపక్కన మూడు పోగులకు మించి తెగితే, బాగుచేయవద్దు, ఆ చోట అంచుకు ఎర్రదారం కట్టి నేసుకుంటూ పొమ్మన్నారు. అక్కడ మూర మేర కత్తిరించి పారేస్తామన్నారు. “గుడ్డ నష్టమైతే నాది. నువ్వు దాచొద్దు, అంతే” అన్నారు.

విరూపాక్షీ, ఇక నాలుగోది.

ఏప్రిల్‌లో కార్ఖానా బెంగళూరుకు మారి, నువ్వూ దావీదూ పోయిన మర్నాడు. మరియమ్మ కోసిగిలో చెల్లెలి ఇంటికి పోయింది. నేను విమానపు గుడ్డలో ఏడో తాను నేస్తున్నాను. మీ అమ్మ పొద్దుటి నుంచి ఒకటే గొణుగుడు. “ఉండేది ఒక్క కొడుకు. వాణ్ణి గాలిబండ్లు సేసేకి పంపిస్తివి. ఇంగ నాకేం సెప్తావు?” అంది. నాకు లోపల అదే బాధ ఉంది. ఉన్న బాధనే ఇంకొకరు పైకి అనేసరికి కోపం వచ్చింది. కోపం మీద అడ్డపోగు వేసే నాడె విసిరాను. అది పడుగులో, నిలువు పోగుల మధ్య చిక్కుకుంది. చూసుకోకుండా, అదే కోపం మీద అడ్డపోగును బిగించే పలకను బలంగా కొట్టాను. పోగులు తెగిన చప్పుడు వంటింట్లోకి వినబడింది. దాదాపు ఏడు వందల పోగులు. గుడ్డలో జానెడు పొడుగు చిరుగు.

మీ అమ్మ వచ్చి చూసి, “ఎర్రదారం కట్టు. ఆయప్ప అంతగా సెప్పిపోయినాడు గదా” అంది.

“నా గుడ్డకు నేనే మచ్చ పెట్టుకోవాల్నా? ముప్పై ఏండ్లలో నా గుడ్డ మింద ఎవుడన్నా ఏలు పెట్టినాడా?” అని ఆమె మీద అరిచాను.

నీకు మన పని తెలుసు. తప్పు వెతకడం కొనేవాడి పని, తప్పు కనబడకుండా చేయడం నేసేవాడి పని. మా నాయన నాకు అదే నేర్పాడు. చీరలో చిరుగు పడితే సూదితో పోగు పోగు కలిపి, నేసినట్టే అల్లి, కట్టుకున్న ఆడమనిషికి కూడా తెలియకుండా రఫూ చేయగలిగినవాణ్ణి ఈ వీధిలో మొనగాడంటారు. నేనా మొనగాణ్ణి. మూడు రోజులు కూర్చున్నాను. తెగిన ప్రతి పోగుకూ కొత్త పోగు అంగుళం మేర పక్కన పరిచి, ముడి లేకుండా అల్లాను. తానును మగ్గం నుంచి దించి ఉతికి ఎండకు పట్టి చూసుకుంటే నా కంటికే అది ఎక్కడుందో దొరకలేదు. మీ అమ్మను పిలిచి వెతకమన్నాను. ఆమెకూ దొరకలేదు. ఆ రోజు నేను పడ్డ గర్వం ఇంకే పనిలోనూ పడలేదురా. ఎర్రదారం ఉండ విప్పకుండానే పదకొండు తాన్లూ పంపేశాను. వాదిరాజ గారు ఒక్క తప్పూ లేదని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

సెప్టెంబరులో నువ్వొక ఉత్తరం రాశావు. విమానం ఎట్లా లేస్తుందో అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పావు. గాలి రెక్కను కింది నుంచి నెట్టడమే కాదు, రెక్క మీది గుడ్డను పైకి పీల్చుతుందనీ, ఆ పీల్చుడుకే విమానం బరువు చాలావరకు వేలాడుతుందనీ, గుడ్డ ఒకచోట నోరు తెరిస్తే గాలి అందులో దూరి బారలకు బారలు చీల్చేస్తుందనీ రాశావు. మీ అమ్మకు అర్థమైందో లేదో గానీ నాకు అర్థమైంది.

మిగిలిన గుడ్డ ముక్క ఇంట్లో ఉంది. అందులో అట్లాగే చిరుగు చేసి, అట్లాగే రఫూ చేసి, అంగుళం పట్టీ కత్తిరించి, వాదిరాజ గారు తూచినట్టే రాళ్ళ సంచి కట్టాను. మామూలు పట్టీ సంచి నిండా రాళ్ళు మోసింది. రఫూ చేసినది సగం సంచి కూడా మోయలేదు. పోగు తెగలేదు, పటుక్కుమనలేదు. ఒకదాని పక్కనుంచి ఒకటి మెల్లగా జారి విడిపోయాయి. నేను దాని ఎదురుగా కూర్చుని చూశాను.

ఆ రోజే రాయవలసింది. రాయలేదు. మీరు గుడ్డ మీద ఘాటు వాసన వార్నిషు నాలుగు పూతలు పూస్తారు కదా, అది పోగుల్ని అతికించి ఉంటుందిలే అనుకున్నాను. ఆ ముక్క కత్తిరింపుల్లో పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఇది బయటపడితే కార్ఖానా మూతబడుతుంది, పద్నాలుగు మంది పిల్లలు పనిలేక రోడ్డున పడతారు, వాళ్ళ కోసమే ఊరుకుంటున్నానని కూడా అనుకున్నాను. అది అబద్ధం. పద్నాలుగు మంది మీద నాకేమీ అంత దయ పుట్టలేదు. బజారులో తల దించుకోవలసి వస్తుందని ఊరుకున్నాను.

తర్వాత అక్టోబరు వచ్చింది. విమానం ఎగిరిందనీ, ముందు సీట్లో వాదిరాజ గారు, వెనక సీట్లో దావీదు కూర్చున్నారనీ రాశావు. దావీదు బరువు తక్కువ కాబట్టి వాణ్ణే ఎక్కించారని రాశావు. వారం తిరక్కుండా ఇంకోసారి. మరియమ్మ ఆ ఉత్తరాలు నాతోనే చదివించుకుంది. నేను చదువుతుంటే పైటతో నోరు మూసుకుని నవ్వింది. వీధంతా బెల్లం పంచింది. “నీ గుడ్డ మింద కూచోని నా బిడ్డ పైన మోడం దాకా, మబ్బుల దాకా పోయినాడు అన్నా” అని నా చేతిలో కూడా ఒక ముక్క పెట్టింది. నేను తిన్నాను.

నీకు అర్థమవుతోందా? రాళ్ళ సంచి కట్టి చూసింది సెప్టెంబరులో. దావీదు ఎక్కింది అక్టోబరులో. తెలిసి ఊరుకున్నాను. ప్రాణం కొట్టుకుంది, నిద్ర పోలేదు, అవన్నీ నిజమే. అవేవీ దావీదుకు అడ్డం పడలేదు.

మొన్న శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. దావీదుకు జ్వరమనీ, అధికారుల ముందు ఎగిరేటప్పుడు వెనక సీట్లో నువ్వు కూర్చుంటావనీ. అది చదివిన గంటలో పోస్టాఫీసులో ఉన్నాను. చెప్పులు కూడా వేసుకోలేదు. పోస్టుమాస్టరు ఏమని రాయాలి అంటే, నువ్వు ఎక్కొద్దని రాయమన్నాను. కారణం అడిగితే లేదన్నాను. ఆ పోస్టాఫీసు ఇంటికి ఎంత దగ్గరో నాకు ఆ రోజే తెలిసింది.

ఈ పొద్దున నీ ఉత్తరం చదివినప్పుడు, నువ్వు ఎక్కడం లేదు, దావీదు ఎక్కుతున్నాడు అన్న చోట, ముందు నాకు హాయిగా ఊపిరి ఆడింది. ఒక్క క్షణమే అయినా ఆడింది. అది కూడా నీకు తెలియాలి. ఆ క్షణంలో ఒక కాగితం తీసి, నాకు చెడ్డ కల వచ్చింది నాయనా, నువ్వు మాత్రం ఎక్కకు అని రాశాను. అప్పుడే మరియమ్మ మూటతో వచ్చి, “నేను పోతాండా, నీ కొడుక్కి ఏమన్నా సెప్పల్నా?” అంది. ఆ కాగితం చించేశాను.

కాబట్టి విను. శుక్రవారం ఆ విమానం ఎవరూ ఎక్కకూడదు. నువ్వు కాదు, దావీదు కాదు, వాదిరాజ గారు కాదు. చిరుగు ఏడో తానులో ఉంది. అది ఎడమ రెక్కలో పడిందో, కుడి రెక్కలో పడిందో, తోకలో పడిందో నేను చెప్పలేను. తాన్ల అంకెలు అంచు మీద ఉండేవి. అంచులన్నీ కత్తిరించి కలిపి కుట్టామని నువ్వే రాశావు. వార్నిషు కింద అది వేలికి తగలదు, కంటికి కనబడదు. కనబడకుండా చేసింది నేను కాబట్టి చెబుతున్నాను, వెతికి దొరకలేదని ఎవరూ ధైర్యం చేయవద్దు. మొత్తం గుడ్డ విప్పేయండి. పరీక్ష తప్పిపోతుంది, అధికారులు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు, నాకు తెలుసు. వాదిరాజ గారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆయన పుస్తకంలో నా గురించి ఏం రాసుకున్నా ఆయన ఇష్టం. కొత్త గుడ్డ నేయడానికి గిడ్డయ్య ఒప్పుకుంటాడు, చేయి మంచిది. నా చేత నేయించుకోమని నేను అడగను.

ఇక్కడికి రాసి కలం ఆపాను. ఒంటిగంట దాటింది. మరియమ్మకు చదువు రాదు. ఆమె కొడుకు ప్రాణం సంగతి ఆమె మూటలోనే పెట్టి, ఆమెకు తెలియకుండా బెంగళూరు దాకా మోయించడం ఇంకో రఫూ అవుతుంది. పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, మోకాలి సంగతి నుంచి మొదలుపెట్టి ఇంతవరకు చదివాను. మీ అమ్మ వాకిట్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మరియమ్మ ఏడవలేదు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

చదవడం అయ్యాక తన చేతుల వైపు చూసుకుంది. దారం చుట్టి చుట్టి వేళ్ళ మీద కాయలు కాచిన చేతులు.

“రొండు తూర్లు ఎక్కినాడు గదా నా బిడ్డ?” అంది.

“ఎక్కినాడు.”

“అప్పుడు నువ్వు ఊర్లోనే ఉంటివి గదా?”

“ఉన్నా.”

“నీ కొడుకు ఎక్కుతాడంటే తంతి కొట్టినావు. నా కొడుకు ఎక్కితే బెల్లం తిన్నావు.”

ఆమె కాగితం వైపు వేలు చూపించి, “నేనన్న మాట గూడా రాయి” అంది. అందుకే రాశాను.

నేనూ వస్తాను, దావీదు కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. “వద్దు. రైల్లో నువ్వు నా పక్కన కూచుంటే నేనేం సేస్తానో నాకే తెల్దు” అంది. మీ అమ్మ నీళ్ళు తెచ్చి ఇస్తే తాగింది. నేనిస్తే తాగేది కాదు. బస్సు కదలగానే పోస్టాఫీసుకు పోయి ఇంకో టెలిగ్రాం కొడతాను, ఎవరూ ఎక్కొద్దనీ, రెక్కల గుడ్డలో చిరుగుందనీ, చేసింది నేనేననీ. పోస్టుమాస్టరు ఊరంతా చెప్పనీ.

ఇప్పుడు కవరులో పెట్టి అంటించబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది.

“అంటించొద్దు” అంది. “గుంతకల్లులో రైలు మారేకాడ ఎవురో ఒకరు సదువుకున్నోళ్ళు దొరుకుతారు. వాళ్ళతో మళ్ళా సదివించుకుంటా. నువ్వు నాకు సదివి సెప్పిందే దీంట్లో రాసినావో లేదో, నాకేం తెల్సు?”

పదకొండేళ్ళుగా ఆమెకు వచ్చిన ప్రతి ఉత్తరం నేనే చదివాను. కవరు అంటించకుండానే ఆమె చేతిలో పెడుతున్నాను.

ఇట్లు,
నీకు మాత్రమే అడ్డం పడిన నీ నాయన,
దేవేంద్రప్ప.